లైక్‌ల కౌంటర్ 312 ఎక్కువ చూపిస్తోంది, కసాండ్రా లెక్కల్ని నమ్మొచ్చా?

నిద్రలేని_నోడ్
మూడు రోజులుగా తల పట్టుకుని కూర్చున్నా. కసాండ్రా డేటాబేస్ 4.0, ఆరు నోడ్‌లు (సర్వర్లు), రెప్లికేషన్ 3, అంటే ప్రతి వరుసకీ మూడు నోడ్‌ల మీద మూడు కాపీలు. రెండు టేబుళ్లు. ఒకదాంట్లో ఏ పోస్టుకి ఎవరు లైక్ కొట్టారో మనిషికో వరుస. రెండోదాంట్లో పోస్టుకో కౌంటర్. లైక్ కొట్టగానే మొదటిదాంట్లో ఇన్సర్ట్, రెండోదాంట్లో ప్లస్ 1. బ్రహ్మవిద్యేం కాదు.

మొదటి తలనొప్పి: పేజీ రిఫ్రెష్ చేస్తే 48,217. మళ్లీ చేస్తే 48,214. మళ్లీ 48,217. లైకులు వెనక్కి ఎలా వెళ్తాయి?

రెండోదే అసలు తలనొప్పి: కూర్చుని వరుసలు లెక్కపెడితే 47,905. అంటే కౌంటర్ 312 ఎక్కువ. పోయిన వారం ఒక రాత్రి రెండు నోడ్‌లు జీసీ పాజ్‌లతో (మెమరీ శుభ్రం చేసుకోడానికి ప్రోగ్రాం ఆగిపోవడం) గిలగిల్లాడాయి, టైమౌట్లు (గడువులోగా జవాబు రాకపోవడం) వరదలా వచ్చాయి. ఆ రాత్రి నుంచే ఈ తేడా అని నా అనుమానం.

మా మేనేజర్ "కూడిక కూడా రాని డేటాబేస్ ఏంటయ్యా" అంటున్నాడు. చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు.

తిక్కశంకరం
కసాండ్రా కౌంటర్లవి కాకి లెక్కలని పదేళ్ల కిందటే తేలిపోయింది. పీకి అవతల పారెయ్.

పాతసర్వర్
శంకరం, పదేళ్ల కిందట నువ్వు చూసింది 2.1కి ముందుది. కౌంటర్లు వచ్చింది 0.8లో, 2011. అప్పట్లో లీడర్ రెప్లికా (కాపీ ఉన్న నోడ్‌లలో ఆ రాతని ముందు తీసుకునేది) ప్లస్ 1ని ప్లస్ 1గానే రాసి పెట్టుకునేది. కలిపేటప్పుడు రెండు రకాల సూత్రాలు: సొంత ముక్కలైతే కూడాలి, పక్క నోడ్‌వైతే కొత్తది ఉంచి పాతది పారేయాలి. ఏది సొంతం ఏది పరాయిది అన్న దగ్గర కాస్త తేడా వస్తే, లేదా కమిట్ లాగ్‌ని (రాతలు ముందుగా పడే ఫైల్) రెండోసారి చదివితే, అంకె ఉబ్బిపోయేది. నేనూ తిన్నాను దెబ్బలు. 2014లో 2.1తో ఆ పద్ధతి మొత్తం తిరగరాశారు. అడిగినవాడు 4.0 అంటున్నాడు, నీ పాత పగలు ఇక్కడ తీర్చుకోకు.

తిక్కశంకరం
తిరగరాశాక కూడా 312 ఎక్కువ వచ్చిందిగా మరి 🙂

సంధ్య_డీబీఏ
నోడ్ గారూ, రాత ఏ కన్సిస్టెన్సీలో (ఎన్ని కాపీలు జవాబిస్తే చాలు అన్నది), చదువు ఏ కన్సిస్టెన్సీలో? రెండూ చెప్పకుండా ఎవరూ ఏం చెప్పలేరు.

నిద్రలేని_నోడ్
రెండూ వన్. "లైకులే కదా" అని మొదట్లో ఎవరో పెట్టారు. ఎవరో అంటే నేనే.

సంధ్య_డీబీఏ
అయితే మీ మొదటి తలనొప్పికి మందు అక్కడే ఉంది. వన్‌లో రాస్తే లీడర్ తన డిస్కులో రాసుకోగానే "అయింది" అంటాడు, మిగతా ఇద్దరికీ కబురు దారిలో ఉంటుంది. వన్‌లో చదివితే ఎవరు దొరికితే వాళ్లనే అడుగుతారు. కబురు అందినవాడు 48,217 అంటాడు, అందనివాడు 48,214 అంటాడు. లైకులు వెనక్కి వెళ్లలేదు, మీరు అడిగిన మనిషి మారాడు. రెండూ కోరం (సగానికి పైగా) చేయండి. ముగ్గురిలో ఇద్దరికి రాసి, ఇద్దరిని అడిగితే కనీసం ఒకడైనా రెండు చోట్లా ఉంటాడు.

రెండో తలనొప్పి కోరంతో పోదు. ముందే చెబుతున్నా.

కొత్తకుర్రాడు
తెలియక అడుగుతున్నా. కౌంటర్ అని ప్రత్యేకంగా ఎందుకసలు? మామూలు అంకె పెట్టి, చదివి, ఒకటి కలిపి, రాసేస్తే?

బ్యాకప్_లేదు
ఇద్దరు ఒకేసారి 100 చదువుతారు. ఇద్దరూ 101 రాస్తారు. ఇద్దరికీ "అయింది" అని జవాబొస్తుంది. ఒక లైక్ గాల్లో కలిసిపోయింది, లాగులో ఒక్క ఎర్రర్ ఉండదు. నువ్వు చెప్పిన పద్ధతి మా మొదటి ప్రాజెక్టులో ఆర్నెల్లు నడిచింది. ఆర్నెల్లూ అందరం సంతోషంగా ఉన్నాం.

లెక్కలమాస్టారు
కుర్రాడు మంచి ప్రశ్న అడిగాడు. ఒక్క కౌంటర్‌ని విప్పి చూపిస్తాను, 312 ఎక్కడి నుంచి ఊడిపడిందో దానితో మీకే అర్థమవుతుంది.

బయటికి 100 అని కనిపించే కౌంటర్‌లో 100 అనే అంకె ఎక్కడా ఉండదు. ప్రతి రెప్లికాకీ ఒక గడి ఉంటుంది. గడిలో మూడు సంగతులు: ఈ గడి ఎవరిదో చెప్పే ఐడీ 16 బైట్లు, క్లాక్ (మార్పు జరిగినప్పుడల్లా పెరిగే అంకె) 8 బైట్లు, "నా చేతి మీదుగా ఇప్పటిదాకా వచ్చింది ఇంత" అనే మొత్తం 8 బైట్లు. వెరసి 32 బైట్ల ముక్క. దాన్ని షార్డ్ అంటారు. ఇలా అనుకోండి (క్లాక్ అంకెలు చదవడానికి వీలుగా చిన్నవి వేశాను):

ఏ నోడ్: క్లాక్ 5, మొత్తం 40
బీ నోడ్: క్లాక్ 3, మొత్తం 25
సీ నోడ్: క్లాక్ 7, మొత్తం 35

చదివేటప్పుడు 40 + 25 + 35 కూడితే 100.

ఇప్పుడొక ప్లస్ 1 వచ్చింది. కోఆర్డినేటర్ (మీ రిక్వెస్ట్ అందుకున్న నోడ్) బీని లీడర్‌గా ఎంచుకుంది. బీ ఆ కౌంటర్ మీద తాళం వేస్తుంది, తన గడి చదువుతుంది, "క్లాక్ 4, మొత్తం 26" అని రాస్తుంది, తాళం తీస్తుంది. తర్వాత ఏ, సీలకి పంపేది "ఒకటి కలుపుకోండి" అని కాదు. "నా గడి ఇప్పుడు క్లాక్ 4, మొత్తం 26" అని. కిటుకంతా ఇక్కడే ఉంది. ఆ కబురు రెండుసార్లు అందినా నష్టం లేదు, అదే గడి మీద అదే అంకె పడుతుంది. ఆలస్యంగా పాత కబురు "క్లాక్ 3, మొత్తం 25" వచ్చినా క్లాక్ చిన్నది కాబట్టి పారేస్తారు. బీ గడిని బీ తప్ప ఇంకెవరూ దిద్దరు, అందుకే గొడవే లేదు.

ఇక అసలు సంగతి. రెప్లికాల మధ్య కబురు ఎన్నిసార్లు చెప్పినా ఒకటే. కానీ మీ అప్లికేషన్‌కీ లీడర్‌కీ మధ్య నడిచేది మాత్రం ఇప్పటికీ "ఒకటి కలుపు" అనే మాటే. అది రెండుసార్లు చెబితే రెండు కలుస్తాయి. బీ 26 రాసేసింది, "అయింది" అన్న జవాబు దారిలో పోయింది, మీకు టైమౌట్ వచ్చింది. మీరు మళ్లీ పంపారు. ఈసారి లీడర్ ఏ. ఏ తన గడిని 41 చేసింది. 41 + 26 + 35 = 102. కొట్టింది ఒక్క లైక్.

కొత్తకుర్రాడు
ఓహ్. అంటే డేటాబేస్ కూడిక సరిగ్గానే చేసింది, మనమే రెండుసార్లు చెప్పాం.

పాతసర్వర్
మేనేజర్‌కి చెప్పాల్సిన వాక్యం కుర్రాడు రాసిచ్చేశాడు.

తిక్కశంకరం
మరి టైమౌట్ వస్తే మళ్లీ పంపొద్దా? పంపకపోతే లైక్ పోయిందేమో అని భయం. పంపితే రెండు పడతాయేమో అని భయం. ముందు నుయ్యి వెనక గొయ్యి. ఇది కాదా డేటాబేస్ తప్పు?

లెక్కలమాస్టారు
టైమౌట్ అంటే "అవలేదు" అని కాదు శంకరం, "తెలియదు" అని. చాలామంది అక్కడే పొరబడతారు. కోరం రాత విఫలమైందని ఎర్రర్ వచ్చినా లీడర్ రాసిన గడి అలాగే ఉంటుంది, దాన్నెవరూ వెనక్కి తీయరు. కాసేపటికి మిగతావాళ్లకీ పాకుతుంది.

నిద్రలేని_నోడ్
కానీ నేను రీట్రై పెట్టలేదు మాస్టారూ. నాకు తెలిసినంతలో డ్రైవర్ (అప్లికేషన్ తరఫున డేటాబేస్‌తో మాట్లాడే లైబ్రరీ) కూడా దానంతటది కౌంటర్ అప్‌డేట్లని తిరిగి పంపదు కదా?

సంధ్య_డీబీఏ
జావా డ్రైవర్ మామూలుగా ప్రతి స్టేట్‌మెంట్‌నీ ఐడెంపొటెంట్ (ఎన్నిసార్లు పంపినా ఫలితం ఒకటే) కాదనే అనుకుంటుంది, కాబట్టి రైట్ టైమౌట్ వస్తే మళ్లీ పంపదు. "అన్నీ ఐడెంపొటెంటే" అని కాన్ఫిగ్‌లో ఎవరైనా ఒక గీత గీసి పెడితే మాత్రం, కనెక్షన్ తెగడం లాంటివి జరిగినప్పుడు మళ్లీ పంపుతుంది. స్పెక్యులేటివ్ ఎగ్జిక్యూషన్ కూడా ఆన్ చేసి ఉంటే టైమౌట్ దాకా ఆగడం కూడా ఉండదు, ఒకటి నెమ్మదిగా వస్తోందని ఇంకొకటి పంపేస్తుంది. ఆ ఫైల్ ఒకసారి తెరిచి చూడండి. మీ కోడ్‌కీ డ్రైవర్‌కీ మధ్య మీ కంపెనీ వాళ్లదే ఇంకేదైనా పొర ఉందా అన్నదీ చూడండి.

బ్యాకప్_లేదు
అందరూ కౌంటర్ తప్పు అనుకునే మాట్లాడుతున్నారు. వరుసల టేబుల్ ఒప్పని ఎవరు చెప్పారు? అందులో తగ్గి ఉండొచ్చుగా.

నిద్రలేని_నోడ్
వరుస పోవడానికి అవకాశమే లేదు బ్రో. ఇన్సర్ట్ మాత్రమే ఉంది, డిలీట్ ఎక్కడా లేదు. అన్‌లైక్ ఫీచర్ ఇంకా రానేలేదు.

బ్యాకప్_లేదు
సరే. ఊరికే అడిగా.

గూఢచారి404
మా దగ్గర ఇదంతా లేదు, రెడిస్ (మెమరీలో నడిచే డేటాబేస్) పెట్టుకున్నాం. ఇంక్ర్ (ఒకటి కలుపు అనే కమాండ్) కొడతాం, ఒక్క థ్రెడ్, ఒకదాని తర్వాత ఒకటి. తాళాల్లేవు, గళ్లూ లేవు. హాయి.

పాతసర్వర్
ప్రైమరీ (రాతలు తీసుకునే అసలు సర్వర్) పడిపోయే దాకా హాయే. రెడిస్‌లో రెప్లికాకి కబురు వెనకాల తీరిగ్గా వెళ్తుంది. ప్రైమరీ "అయింది" అన్నాక, రెప్లికాకి చేరకముందే కూలిపోతే ఆ ఇంక్రిమెంట్లు పోయినట్టే, రెప్లికా పాత అంకెతో గద్దెనెక్కుతుంది. నోడ్‌కి ఎక్కువ వచ్చాయి, నీకు తక్కువ వస్తాయి. పైగా జవాబు అందక క్లయింట్ మళ్లీ పంపితే నీకూ రెండు పడతాయి. దొందూ దొందే.

గూఢచారి404
మాకు ఎప్పుడూ పడిపోలేదు.

పాతసర్వర్
ఆ వాక్యం నేను కూడా ఒకప్పుడు అన్నాను. మర్నాడే పడిపోయింది.

మీనాక్షి_ఎస్ఆర్ఈ
సమస్య కసాండ్రాదీ రెడిస్‌దీ కాదు, "ఒకటి కలుపు" అన్న మాటకి పేరు లేకపోవడం. ఒక్కో కలుపుకీ ఒక నంబరు ఉంటే, రెండోసారి వచ్చినప్పుడు "ఇది చూశాన్లే" అని సర్వరే పక్కన పెట్టేస్తుంది. మోంగోడీబీ అనే డేటాబేస్ 3.6 నుంచి రీట్రైయబుల్ రైట్స్‌లో చేసేది అదే. సెషన్ ఐడీ, దాని వెంట ఒక వరుస సంఖ్య వెళ్తాయి, అందుకే అక్కడ ఇంక్‌ని (అంకె పెంచే కమాండ్) డ్రైవర్ ధైర్యంగా మళ్లీ పంపుతుంది. అమెజాన్ డేటాబేస్ డైనమోడీబీలో మామూలు యాడ్‌కి ఈ సౌకర్యం లేదు, ట్రాన్సాక్షన్‌గా పంపి టోకెన్ జతచేస్తే 10 నిమిషాల పాటు గుర్తుపెట్టుకుంటుంది. 10 నిమిషాలు దాటి పంపితే మళ్లీ కొత్తదే.

కసాండ్రా కౌంటర్‌కి అలాంటి నంబరు లేదు. అది తెలిసి వాడుకోవాలి.

లెక్కలమాస్టారు
మీనాక్షి గారు చెప్పింది అక్షరాలా నిజం. మన పాత లెక్కల పుస్తకాల్లో చిట్టా, ఆవర్జా అని రెండు ఉండేవి. జరిగింది జరిగినట్టు చిట్టాలో పడుతుంది. ఆవర్జాలో ఖాతాల వారీగా మొత్తాలు. ఆవర్జా తప్పితే చిట్టా చూసి దిద్దుకోవచ్చు. కౌంటర్ అంటే చిట్టా లేని ఆవర్జా. అది తప్పితే ఎక్కడ తప్పిందో వెతకడానికి ఏమీ మిగలదు.

నోడ్ బాబు అదృష్టవంతుడు, వరుసల టేబుల్ రూపంలో చిట్టా ముందే ఉంది. అందులో కీ "పోస్టు, మనిషి" కాబట్టి ఒకే లైక్ నాలుగుసార్లు పంపినా ఒక్క వరుసే.

కొత్తకుర్రాడు
మాస్టారూ, ఆ మాట మీద ఒక డౌట్. అదే మనిషి లైక్ బటన్ రెండుసార్లు టకటకా నొక్కితే? వరుస ఒక్కటే పడుతుంది. కౌంటర్‌లో?

సంధ్య_డీబీఏ
😳 రెండు పడతాయి. కసాండ్రాలో ఇన్సర్ట్ అంటే ఉన్నదాని మీదే రాసేయడం, "ఇది ముందే ఉంది" అని అది చెప్పదు. చెప్పించాలంటే "లేకపోతేనే" అని షరతు పెట్టాలి, అంటే పాక్సోస్ (రెప్లికాలు ఒక మాట మీదికొచ్చే పద్ధతి), అంటే రెప్లికాలతో నాలుగు రౌండ్ ట్రిప్పులు. లైక్ బటన్‌కి అంత తతంగమా అనే అందరూ వదిలేస్తారు.

కుర్రాడా, కొత్తవాడినని ఇకముందు చెప్పుకోకు.

నిద్రలేని_నోడ్
ఫ్రంటెండ్‌లో బటన్ ఒకసారి నొక్కగానే ఆగిపోతుంది, నేనే రాశాను. కానీ నెట్ బాగోనప్పుడు మొబైల్ యాప్ ఏం చేస్తుందో అడగాలి.

తిక్కశంకరం
అడగక్కర్లేదు. మళ్లీ పంపుతుంది.

గూఢచారి404
కౌంటర్లు తీసేసి చదివేటప్పుడే వరుసలు లెక్కపెట్టేస్తే?

సంధ్య_డీబీఏ
ఒక పోస్టుకి 48 వేల వరుసలు, పేజీలో 20 పోస్టులు, ప్రతి రిఫ్రెష్‌కీ లెక్కపెడతారా? కౌంట్ స్టార్ (వరుసలు లెక్కపెట్టే కమాండ్) అంటే కసాండ్రాలో ఎక్కడో రాసిపెట్టిన అంకె చూసి చెప్పడం కాదు, పార్టిషన్ (ఆ పోస్టు వరుసలన్నీ ఉండే కట్ట) మొత్తం తిరగేయాలి.

విహారి_బిట్
ఇక్కడ అందరూ ఒకటి మర్చిపోతున్నారు. లైకులు కాకుండా "ఎంతమంది చూశారు" అన్నదే కావాలంటే హైపర్‌లాగ్‌లాగ్ (వేర్వేరు మనుషులు ఎంతమందో సుమారుగా లెక్కగట్టే పద్ధతి) ఉంది. రెడిస్‌లో 12 కేబీ, ప్రామాణిక దోషం 0.81 శాతం. ఒకే మనిషిని వందసార్లు వేసినా లెక్క మారదు, అంటే రీట్రై భయమే లేదు. రెండు సర్వర్లవి కలిపినా లెక్క తప్పదు.

లెక్కలమాస్టారు
కానీ అందులోంచి ఒకణ్ణి తీసేయలేం. రేపు అన్‌లైక్ వస్తే?

విహారి_బిట్
అందుకే "ఎంతమంది చూశారు" అన్నా మాస్టారూ. చూసిన కళ్లు వెనక్కి రావు.

కొత్తకుర్రాడు
తగ్గించడం మీద ఇంకొకటి. సీఆర్‌డీటీల (ఎవరి కాపీ వాళ్లు దిద్దుకున్నా గొడవ లేకుండా కలిసిపోయే డేటా రకాలు) గురించి చదివితే జీ-కౌంటర్ పెరగడానికే, తగ్గాలంటే పీఎన్-కౌంటర్ అని ప్లస్‌లకొకటి మైనస్‌లకొకటి రెండు పెట్టాలని ఉంది. మరి కసాండ్రా గడిలో ఒక్క మొత్తంతోనే మైనస్ ఎలా చేస్తారు?

లెక్కలమాస్టారు
శభాష్. 2011లో షాపిరో బృందం రాసిన ఆ నివేదికలో జీ-కౌంటర్ గడులు కలిపేటప్పుడు "రెండిట్లో పెద్దది ఉంచు" అంటారు. అంకె తగ్గితే ఆ సూత్రం పనిచేయదు. 26 నుంచి 25కి దిగితే, పాత 26 కబురు వచ్చి మళ్లీ గెలిచేస్తుంది. అందుకే ప్లస్‌లు ఒక వైపు, మైనస్‌లు ఒక వైపు పెట్టి తీసివేస్తారు. కసాండ్రాలో పోల్చేది మొత్తాన్ని కాదు, క్లాక్‌ని. మొత్తం తగ్గినా క్లాక్ పెరుగుతూనే ఉంటుంది కాబట్టి "క్లాక్ 5, మొత్తం 25" వచ్చి "క్లాక్ 4, మొత్తం 26"ని ఓడిస్తుంది. గడికి యజమాని ఒక్కడే కావడం వల్ల ఇది చెల్లింది.

బ్యాకప్_లేదు
అన్‌లైక్ సరే, కౌంటర్ మొత్తాన్ని సున్నా చేయాలంటే? మేం డిలీట్ చేసి మళ్లీ మొదలుపెట్టాం, అదో పీడకల. ఒక నోడ్‌లో 0, ఒక నోడ్‌లో పాత అంకె, మూడోదాంట్లో ఏదో వింత అంకె.

పాతసర్వర్
డిలీట్ చేసిన కౌంటర్‌ని మళ్లీ వాడొద్దని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. ప్లస్ 5, ప్లస్ 3 ఏ వరుసలో జరిగినా 8. మధ్యలో డిలీట్ దూరితే వరుసని బట్టి జవాబు మారిపోతుంది, ఆ వరుస అన్ని రెప్లికాల్లో ఒకటే అని హామీ లేదు. టీటీఎల్ (గడువు తీరాక దానంతటదే చెరిగిపోవడం) పెట్టనివ్వకపోవడం కూడా ఇందుకే. సున్నా కావాలంటే కీ మార్చు. "పోస్టు, విడత 2" అని కొత్త కౌంటర్ మొదలుపెట్టి, చదివే కోడ్‌కి విడత 2 చూడమని చెప్పు.

గూఢచారి404
సైడ్ ట్రాక్: యూట్యూబ్‌లో ఒకప్పుడు వ్యూలు 301 దగ్గర ఆగిపోయేవి గుర్తుందా? అదీ ఇలాంటిదేనా?

విహారి_బిట్
కాదు, అది కావాలని ఆపిందే. 300 దాకా వెంటనే చూపించి, ఆ పైన దొంగ వ్యూలు ఏరేదాకా ఆపేవారు. 2015లో తీసేశారు. నీకు నవ్వు కావాలంటే 2014 డిసెంబర్ గుర్తు చేసుకో, ఒక కొరియన్ పాట వీడియో 2,147,483,647 దాటబోతుంటే కౌంటర్‌ని 64 బిట్లకి మార్చారు.

తిక్కశంకరం
అలా దాటితే మేనేజర్‌కి మైనస్ 200 కోట్ల లైకులు చూపించొచ్చు. 312కే ఏడుస్తున్నాడు పాపం.

నిద్రలేని_నోడ్
అప్‌డేట్. దొరికింది. సంధ్య గారూ, మీకో దండం.

డ్రైవర్ కాన్ఫిగ్ శుభ్రంగానే ఉంది. కానీ మధ్యలో మా కామన్ లైబ్రరీ ఒకటుంది, డేటాబేస్ పిలుపులన్నీ దాని గుండానే వెళ్లాలి. అందులో ఏ ఎక్సెప్షన్ వచ్చినా సరే 200 మిల్లీసెకన్లు ఆగి మళ్లీ, మొత్తం మూడుసార్లు పంపమని ఉంది. చదివినా అంతే, రాసినా అంతే. ఆ రాత్రి లాగులు తిరగేస్తే ఒకే రిక్వెస్ట్ ఐడీ కింద కౌంటర్ అప్‌డేట్ మూడు వేర్వేరు లీడర్ల దగ్గర కనిపించింది. ముగ్గురూ రాసుకున్నారు. ఒక లైక్, మూడు గళ్లు, మూడు ప్లస్‌లు. మాస్టారు బొమ్మ గీసినట్టే ఉంది.

అది రాసినాయన ఇప్పుడు ఇక్కడ లేడు, "విశ్వసనీయత పెంచడానికి" అని పైన కామెంట్ మాత్రం ఉంది.

ఇంకో తమాషా. మొబైల్ వాళ్లని అడిగితే, "మేం మూడుసార్లు పంపుతాం, మీ వైపు ఒకటే పడేలా చూసుకుంటారనుకున్నాం" అన్నారు. మూడు మూళ్లు తొమ్మిది.

పాతసర్వర్
పైగా ఆ లైబ్రరీ సొంత టైమౌట్ ఎంత? కసాండ్రాలో మామూలు రాతకి సర్వర్ 2 సెకన్లు చూస్తుంది, కౌంటర్ రాతకి డిఫాల్ట్‌గా 5 సెకన్లు. రాసే ముందు చదవాలి, తాళం కోసం ఆగాలి కాబట్టి కాస్త ఎక్కువ ఇచ్చారు. నీ లైబ్రరీ 1 సెకనుకే విసుక్కుంటే, అవతల ఇంకా పని జరుగుతుండగానే రెండోది పంపేస్తుంది.

నిద్రలేని_నోడ్
1 సెకనే 🙏

మీనాక్షి_ఎస్ఆర్ఈ
ఆ రాత్రి పరిస్థితి ఇంకా ఎందుకు దిగజారిందో కూడా ఇందులోనే ఉంది. అందరూ ఒకే వైరల్ పోస్టుకి లైక్ కొడుతున్నారు, అంటే ఒకే కౌంటర్, అదే తాళం ముందు క్యూ. నెమ్మదించిన నోడ్ మీద రీట్రైలు మూడింతలు పడ్డాయి, క్యూ ఇంకా పెరిగింది, టైమౌట్లూ పెరిగాయి, వాటితో రీట్రైలు మళ్లీ పెరిగాయి. మేం ఇలాంటప్పుడు రెండు పనులు చేస్తాం. ఒకటి, అప్లికేషన్‌లోనే ఒక సెకను పాటు పోగుచేసి ప్లస్ 1లు వంద పంపే బదులు ప్లస్ 100 ఒకటి పంపుతాం. ప్రాసెస్ చచ్చిపోతే ఆ సెకను లైకులు పోతాయి, చిట్టా ఉంది కాబట్టి ఒప్పుకున్నాం. రెండు, మరీ వేడెక్కిన కౌంటర్‌ని 16 వరుసలుగా చీల్చి, రాసేటప్పుడు ఏదో ఒకదానికి రాసి, చదివేటప్పుడు 16 కూడతాం.

విహారి_బిట్
గూగుల్ డేటాబేస్ ఫైర్‌స్టోర్ డాక్యుమెంటేషన్‌లో కూడా ఈ చీల్చే పద్ధతే ఉంటుంది. పాపం అక్కడ ఒక్క డాక్యుమెంట్‌ని ఎంత వేగంగా పడితే అంత వేగంగా దిద్దలేం అన్న మాటతో మొదలవుతుంది.

గూఢచారి404
ఇదే పద్ధతి టికెట్ సీట్లకి వాడొచ్చా? మిగిలిన సీట్లు అని కౌంటర్ పెట్టి మైనస్ 1 చేసుకుంటూ?

పాతసర్వర్
వద్దు. వద్దు. వద్దు. కసాండ్రా కౌంటర్ మీద "సున్నా కంటే ఎక్కువ ఉంటేనే తగ్గించు" అనే షరతు పెట్టలేవు. రెండు లీడర్ల దగ్గర ఇద్దరు చివరి సీటు తీసుకుంటారు, కౌంటర్ తాపీగా మైనస్ 1 చూపిస్తుంది. ఇద్దరిలో ఎవరిని నిలబెడతావు?

లెక్కలమాస్టారు
దానికి 1986లోనే ప్యాట్రిక్ ఓనీల్ ఎస్క్రో పద్ధతి రాశాడు. అమ్మే ముందే కాస్త పక్కన పెట్టి పట్టుకోవడం. నోడ్‌లకి అన్వయిస్తే, 90 సీట్లుంటే ముగ్గురికీ తలా 30 పంచెయ్. ఎవడి వాటా లోపల వాడు ఎవరినీ అడక్కుండా అమ్ముకోవచ్చు. వాటా అయిపోతేనే పక్కవాణ్ణి అడగాలి. లెక్క ఎప్పుడూ సున్నా కిందికి పోదు. కౌంటర్ గళ్లలాగే ఉంది చూడండి, కాకపోతే గడి మీద హద్దు ఉంది.

తిక్కశంకరం
నోడ్ తమ్ముడూ, మరి ఇప్పుడు ఆ 312ని ఏం చేస్తావు? మైనస్ 312 కొడతావా?

సంధ్య_డీబీఏ
మైనస్ 312 కొడితే, అది టైమౌట్ అయితే 🙂

నిద్రలేని_నోడ్
నవ్వకండి, నిన్న ఒకాయన అచ్చంగా అదే సలహా ఇచ్చాడు. పాతసర్వర్ గారు చెప్పినట్టు విడత 2 మొదలుపెడతాను. వరుసలు లెక్కపెట్టి ఆ మొత్తంతో మొదలు.

మీనాక్షి_ఎస్ఆర్ఈ
లెక్కపెడుతున్నప్పుడు వచ్చే లైకులు? వాటిని రెండుసార్లు కలుపుతారు, లేదా ఒక్కసారి కూడా కలపరు. ముందు కొత్త లైకులన్నీ విడత 2కి మళ్లించండి. కాసేపు ఆగండి. మళ్లించిన సమయానికి ముందున్న వరుసలే లెక్కపెట్టి, ఆ మొత్తాన్ని మామూలు కాలమ్‌లో పడెయ్యండి, కౌంటర్‌లో కాదు. చూపించేది కాలమ్ ప్లస్ విడత 2. మామూలు కాలమ్ అయితే ఎన్నిసార్లు రాసినా అదే అంకె.

నిద్రలేని_నోడ్
వారం తర్వాత వచ్చా. లైబ్రరీలో కౌంటర్ పిలుపులకి రీట్రై తీయించాం. మొబైల్ నుంచి వచ్చే ప్రతి లైక్‌కీ ఐడీ ఉంది ఇప్పుడు, రెండోసారి వస్తే గేటు దగ్గరే ఆగిపోతుంది. కోరం పెట్టాక రిఫ్రెష్ చేస్తే అంకె వెనక్కి పోవడం ఆగింది. విడత 2 బాగానే నడుస్తోంది.

నిన్న రాత్రి పోల్చి చూస్తే తేడా 7. మళ్లీ కౌంటరే ఎక్కువ. ఈ వారంలో కౌంటర్ టైమౌట్ ఒక్కటీ లేదు, రీట్రైలు సున్నా. ఈ 7 ఎక్కణ్ణుంచి?

తిక్కశంకరం
చెప్పానా, కాకి లెక్కలని.

బ్యాకప్_లేదు
మొదట్లో అడిగినదే మళ్లీ అడుగుతున్నా. వరుసలు తగ్గాయేమో చూశావా? ఈ వారంలో ఎవరైనా అకౌంట్ మూసేసుకున్నారా?

నిద్రలేని_నోడ్
అకౌంట్ మూసేస్తే వేరే టీమ్ జాబ్ ఒకటి ఆ మనిషి వరుసలన్నీ తుడిచేస్తుందట. కౌంటర్ సంగతి ఆ జాబ్‌కి తెలియదు. నాకు ఆ జాబ్ సంగతి తెలియదు.

ఆ పోస్టుకి లైక్ కొట్టి, ఈ వారం అకౌంట్ మూసుకున్నవాళ్లు ఏడుగురు.

బ్యాకప్_లేదు
ఊరికే అడిగా.